సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు బ్యాచ్‌కి ఇద్దరిని వెతకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కాలేజీలో పూర్వ విద్యార్థుల వ్యవహారం మీకు కొత్తగా అప్పజెప్పారు. పాత రిజిస్టర్లూ ఎక్సెల్ షీట్లూ కలిపితే ఎనిమిది వేల పేర్ల దాకా ఉన్నాయి. లైబ్రరీ కొత్త భవనానికి విరాళాలు ఇమ్మని ప్రిన్సిపాల్ గారి సంతకంతో అందరికీ ఒక ఈమెయిల్ వెళ్లింది, పట్టుమని పది మంది కూడా స్పందించలేదు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లు ఒకపక్క మంచి సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు, ఇంకోపక్క బాగా డబ్బున్న పాత విద్యార్థుల లిస్టు తయారు చెయ్యమంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, పెద్దవాళ్లని ఎలా అడగాలి, టార్గెట్ ఎంత పెట్టాలి అని మూడు అడిగారు. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, మూడింటికీ జవాబులున్నాయి గానీ మీరు అడిగిన వరసలో చెబితే ఉపయోగం ఉండదు.

ముందు ఆ ఈమెయిల్ ఎందుకు పోయిందో చూద్దాం. పదిహేనేళ్ల కిందట చదువు ముగించి వెళ్లిపోయిన మనిషికి ఇప్పటి ప్రిన్సిపాల్ ఎవరో తెలియదు. ఆయన సంతకం చూసి కదిలేదేమీ ఉండదు. ఆ మనిషికి గుర్తున్నది హాస్టల్ గది, పక్క బెంచీలో కూర్చున్నవాడు, ఫెయిలైన సబ్జెక్టుని మళ్లీ ఓపిగ్గా చెప్పిన ఒక మేడమ్, క్రికెట్ టీమ్, ఇలాంటివి. సంస్థ పేరు మీద అభిమానం ఉంటుంది, కాదనను, కానీ జేబులోకి చెయ్యి పోయేది మాత్రం తెలిసిన మనిషి అడిగినప్పుడే. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో విలియమ్స్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం 1821లో పుట్టింది, యేల్ యూనివర్సిటీలో ఏటా విరాళాలు సేకరించే నిధి 1890లో మొదలైంది. అప్పటినుంచీ ఈ పద్ధతంతా నడుస్తున్నది బ్యాచ్‌ల మీదే, ఒక్కో బ్యాచ్ తరఫున ఒకరో ఇద్దరో బాధ్యత తీసుకుని తమ వాళ్లని తామే అడగడం. జొనాథన్ మీర్ అనే ఆర్థికవేత్త 2011లో వేసిన ఒక పేపర్‌లో దీన్నే లెక్కలతో చూపించాడు, ఫోన్ చేసి అడిగేది ఒకప్పటి రూమ్‌మేట్ అయితే ఇచ్చే అవకాశమూ ఎక్కువే, ఇచ్చే మొత్తమూ ఎక్కువే అని.

కాబట్టి మీ చేతిలో ఉన్నది ఎనిమిది వేల మంది కాదు, ఓ నలభై యాభై బ్యాచ్‌లు అనుకోండి. అన్నిటినీ ఒకేసారి ఎత్తుకోవద్దు. ఐదారు బ్యాచ్‌లు చాలు మొదటి ఏడాదికి.

బ్యాచ్‌కి ఇద్దరు మనుషుల్ని వెతకమన్నాను కదా, ఎవరిని వెతకాలన్నదే ఇక్కడ అసలు విషయం. మేనేజ్‌మెంట్‌ని అడిగితే వెంటనే ఆ బ్యాచ్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేరో, గోల్డ్ మెడలిస్టు పేరో చెబుతారు. వాళ్లు కాదు మీకు కావాల్సింది. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరు ఊరు మారినా, ఎవరి నాన్నగారు పోయినా, ఆ కబురు అందరికీ చేరవేసే మనిషి ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ చాలాసార్లు వాళ్లే. క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లే ఎక్కువగా ఇలా తేలతారు, ఎందుకో మరి. ఇద్దరు అన్నది ఎందుకంటే ఒకరికి ఉద్యోగంలో టెన్షన్ పెరిగి మూడు నెలలు మాయమైతే రెండోవాళ్లు లాగుతారు, పైగా ఒక్కరే ఉంటే బ్యాచ్‌లోని ఒక ముఠా మనిషిగా ముద్ర పడుతుంది. ఆడపిల్లలున్న బ్యాచ్ అయితే ఇద్దరిలో ఒకరు అమ్మాయిల వైపునుంచి ఉండి తీరాలి, లేకపోతే సగం బ్యాచ్ మీ లిస్టులోకే రాదు.

ఈ వాలంటీర్ల చేతికి ఎన్ని పేర్లు ఇస్తారన్నది కూడా ముఖ్యమే. నూట ఇరవై మంది పేర్లు ఒకరికి పంపి అందరితో మాట్లాడండి అంటే ఒక్కరితో కూడా మాట్లాడరు. పది, మహా అయితే పదిహేను పేర్లు. వాళ్లకి కావాల్సిన సమాచారం ఒక పేజీలో రాసివ్వండి: భవనం ఎందుకు, ఎంత ఖర్చు, ఇప్పటిదాకా ఎంత వచ్చింది, డబ్బు ఎలా పంపాలి, రసీదు ఎప్పుడొస్తుంది. అంతవరకే. చదివి వినిపించే స్క్రిప్టు మాత్రం రాసివ్వకండి. స్నేహితుడు ఫోన్ చేసి కాల్ సెంటర్ భాషలో మాట్లాడితే అవతలివాడు నవ్వుతాడు, ఆ తర్వాత ఫోనెత్తడు. ఇంకొకటి, అడగబోయే మనిషి ముందు తను ఇచ్చి ఉండాలి, ఎంతన్నది కాదు, ఇచ్చి ఉండాలి. "నేనైతే ఇంత ఇచ్చాను, నువ్వు ఎంత అనుకుంటున్నావో చూడు" అనే మాట రాని నోటితో అడగడం చాలా కష్టం. మేనేజ్‌మెంట్ సభ్యులకీ ప్రిన్సిపాల్ గారికీ కూడా ఇదే వర్తిస్తుంది, ఆ మాట వాళ్లతో అనడానికి మీకు ధైర్యం కావాలి గానీ అనక తప్పదు, ఎందుకంటే మొదటి పెద్ద దాత అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టడాన్ని అడగడం కింద లెక్కెయ్యకండి. గ్రూపులో పెట్టిన విన్నపం అందరిదీ అవుతుంది కాబట్టి ఎవరిదీ కాదు. నలుగురు నమస్కారం బొమ్మ పెడతారు, ఒకరు "తప్పకుండా" అంటారు, ఇంకొకరు పుట్టినరోజు శుభాకాంక్షలు పోస్టు చేస్తారు, మీ విన్నపం పైకి వెళ్లిపోతుంది. విడిగా, పేరు పెట్టి, ఒక్కొక్కరికీ. గ్రూపు పనికొచ్చేది ఫలితం చెప్పడానికి: మన బ్యాచ్‌లో ఇప్పటికి ముప్పై ఒక్కరు చేరారు, ఇవిగో పేర్లు, అని. పేర్లు చెప్పండి, పక్కన మొత్తాలు మాత్రం పెట్టొద్దు. ఉద్యోగం పోయి ఇబ్బందిలో ఉండి కూడా తనకి చేతనైనంత పంపినవాడి పేరు పక్కన ఆ అంకె వేసి వందమందికి చూపిస్తే, అతను మళ్లీ గ్రూపులో మాట్లాడడు. కొన్ని బ్యాచ్‌లు పోటీ పడి మరీ అంకెలు ప్రకటించుకుంటాయి, అది వాళ్ల ఇష్టం. ఆఫీసు నుంచి మాత్రం ఆ పని జరగకూడదు.

డేటా విషయానికొస్తే, మీ ఎనిమిది వేల పేర్లలో నిజంగా పనిచేసే ఫోన్ నంబరో ఈమెయిలో ఎన్నింటికి ఉందో ముందు లెక్క తియ్యండి. ఆ అంకె చూసి దిగాలు పడొద్దు, ఎక్కడైనా ఇదే పరిస్థితి. షీట్‌లో పేరు, సంవత్సరం, బ్రాంచి మాత్రమే ఉంటే చాలదు. ఏ హాస్టల్, ఏ టీమ్, ఏ క్లబ్, ఏ టీచర్ అంటే ఇష్టం, ఇప్పుడెక్కడ, ఏం చేస్తున్నారు, చివరిసారి ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, ఇదివరకు ఏమైనా ఇచ్చారా, ఇస్తే దేనికి. "చివరిసారి ఏమన్నారు" అనే ఆ గడి మిగతా అన్నిటికంటే విలువైనది. మీరు రేపు ఉద్యోగం మారినా తర్వాత వచ్చేవాళ్లకి మిగిలేది అదే. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన స్త్రీలు పాత లిస్టుల్లోంచి జారిపోతారు, అందుకని రెండు ఇంటిపేర్లకీ రెండు గడులు ఉంచండి. చనిపోయినవాళ్ల వివరం వెంటనే గుర్తుపెట్టండి. పోయిన మనిషి పేరు మీద ఇంటికి విరాళం అడుగుతూ ఉత్తరం వెళ్లడం కన్నా ఘోరం ఇంకోటి లేదు, ఆ కుటుంబం దాన్ని ఎప్పటికీ మరిచిపోదు.

ఇక్కడే ఇంకో మాట. బ్యాచ్ గ్రూపులోంచి నంబర్లన్నీ ఎగుమతి చేసి మీ షీట్‌లో పోసుకోకండి. ఆ నంబర్లు వాళ్లు స్నేహితులకి ఇచ్చుకున్నవి, మీకు కాదు. యూరప్‌లో 2018 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద ఇది చట్టపరమైన విషయం, మిగతా చాలా దేశాల్లోనూ చట్టాలు అటే వెళ్తున్నాయి. చట్టం పక్కన పెట్టినా, "నా నంబరు మీకెవరిచ్చారు" అనే ప్రశ్నతో మొదలయ్యే సంభాషణ విరాళంతో ముగియదు. వాలంటీరు ద్వారా చిన్న ఫారం పంపండి, ఇష్టమైనవాళ్లు నింపుతారు. వద్దన్నవాళ్లని వదిలెయ్యండి.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు కాబట్టి ఇక్కడే తేల్చేస్తాను. ఇప్పుడు వద్దు. ఒకరిద్దరు మనుషులు, ఐదారు బ్యాచ్‌లు, ఏడాదికి కొన్ని వందల విరాళాలు, దీనికి జాగ్రత్తగా నడిపే ఒక షీటు, బ్యాకప్, ఎవరికి ఏది కనిపించాలో సరిగ్గా పెట్టిన పర్మిషన్లు చాలు. రసీదులు చేత్తో చెయ్యడం వల్ల ఆలస్యం అవుతున్నా, ముగ్గురు నలుగురు ఒకేసారి మార్చడం వల్ల షీటు గందరగోళం అవుతున్నా అప్పుడు కొనండి. చెత్త డేటాని ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అది ఖరీదైన చెత్త అవుతుంది, అంతే. ఈ కొనుగోలు మీటింగులకే ఒక ఏడాది పోగొట్టుకున్న సంస్థల్ని చూశాను.

ఇప్పుడు డబ్బున్నవాళ్ల లిస్టు. మేనేజ్‌మెంట్‌లకి దీని మీద ఉండే మోజు ఇంతా అంతా కాదు. ఒక మనిషికి ఆస్తి ఉందన్నది ఒక్కటే మీకు పనికొచ్చే విషయం కాదు. సంస్థతో ఏదైనా సంబంధం మిగిలి ఉందా, మీరు అడగబోయే పని మీద ఆసక్తి ఉందా, ఈ రెండూ లేకపోతే ఆ పేరు పక్కన ఎన్ని సున్నాలున్నా దండగ. పెద్ద విరాళాలు నిజంగా ఎలా వచ్చాయో చూడండి. మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి 180 కోట్ల డాలర్లు ప్రకటించాడు, పేద, మధ్యతరగతి పిల్లల ఫీజుల సాయం కోసం. అదే మనిషి చదువైపోయిన కొత్తలో ఆ యూనివర్సిటీకి మొట్టమొదట ఇచ్చింది 5 డాలర్లు. ఆ రెండు అంకెల మధ్య అర్ధ శతాబ్దం పైగా ఉంది, ఆ మధ్యలో ఎన్నో విరాళాలు, బోర్డు బాధ్యతలు ఉన్నాయి. నందన్ నీలేకని 2023లో ఐఐటీ బాంబేకి 315 కోట్ల రూపాయలు ఇచ్చాడు, తను అక్కడ చేరి యాభై ఏళ్లయిన సందర్భంగా. దానికి ముందే ఆయన ఇచ్చింది 85 కోట్లు. ఇవి రెండూ రాత్రికి రాత్రే ఒక ఈమెయిల్ చూసి ఇచ్చినవి కావు. అందుకని మీ షీట్‌లో మొదట చూడాల్సింది ఎవరు ధనవంతులని కాదు, గత పదేళ్లలో చిన్న మొత్తమైనా రెండు మూడుసార్లు ఇచ్చినవాళ్లు ఎవరు, పిలిస్తే వచ్చినవాళ్లు ఎవరు, ఈమెయిల్‌కి జవాబు రాసినవాళ్లు ఎవరు అని. ఆ లిస్టులోంచి ఆస్తి ఉన్నవాళ్లు తేలతారు. అటునుంచి ఇటు కాదు.

అలా తేలినవాళ్లని కలిసేటప్పుడు మొదటి భేటీలో డబ్బు మాట వద్దు. కానీ ఇక్కడ మోసం చెయ్యకూడదు. "మీ సలహా కావాలి" అని పిలిచి అరగంట తర్వాత బ్రోచర్ తియ్యడం అందరూ పసిగడతారు. సలహా అంటే నిజంగా సలహానే అడగండి, రాసుకోండి, అందులో ఒకటైనా అమలు చేసి ఆరు నెలల తర్వాత వెళ్లి చెప్పండి. రెండో భేటీ మూడో భేటీ అయ్యేసరికి ఆ మనిషికి దేని మీద మనసుందో తెలుస్తుంది. లైబ్రరీ అంటే ఆసక్తి లేని మనిషిని లైబ్రరీకే ఇవ్వమని ఒత్తిడి చేస్తే మర్యాద కోసం ఒక చిన్న చెక్కు ఇచ్చి వదిలించుకుంటాడు, ఆ తర్వాత ఐదేళ్లు మీకు దొరకడు. అదే మనిషి గ్రామీణ పిల్లల స్కాలర్‌షిప్‌కి పదింతలు ఇచ్చి ఉండేవాడేమో. ఇక అడిగేటప్పుడు మాత్రం సూటిగా అడగాలి. "మీకు తోచినంత" అనడం మర్యాదగా కనిపిస్తుంది గానీ అవతలివాళ్లని ఇబ్బందిలో పెడుతుంది, ఎంత ఇస్తే బాగుంటుందో వాళ్లకి తెలియదు. రీడింగ్ హాలుకి ఇంత అవుతుంది, అది మీరు చేపడతారా అని అడిగి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనవాళ్లే "పోనీ సగమైనా పర్లేదు" అనేస్తారు. అవతల మనిషి ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు, ఈలోపు మనమే బేరం తగ్గించేస్తాం.

పూర్వ విద్యార్థులే ఇస్తారనుకోవడం కూడా సరికాదు. రిటైరైన అధ్యాపకులు, విద్యార్థుల తల్లిదండ్రులు, మీ సంస్థలో ఎన్నడూ చదవనివాళ్లు, వీళ్లంతా లెక్కలోకి వస్తారు. ఒసియోలా మెక్‌కార్టీ అని ఒకావిడ, జీవితమంతా బట్టలుతికి బతికింది, చిన్నప్పుడే బడి మానేసింది. 1995లో తను దాచుకున్న దాంట్లోంచి లక్షా యాభై వేల డాలర్లు సదరన్ మిసిసిపీ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్‌ల కోసం రాసిచ్చింది. ఏ లిస్టు తయారుచేసినా ఆవిడ పేరు అందులో ఉండేది కాదు. తల్లిదండ్రుల విషయంలో మాత్రం ఒక గీత గట్టిగా గీసుకోండి, విరాళానికీ అడ్మిషన్‌కీ సంబంధం లేదని రాతపూర్వకంగా. ఇందాకటి జొనాథన్ మీరే, రోజెన్ అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పిల్లలు కాలేజీ ఈడుకి వస్తున్నకొద్దీ పూర్వ విద్యార్థులైన తల్లిదండ్రుల విరాళాలు పెరగడం, సీటు రాకపోతే ఒక్కసారిగా పడిపోవడం కనిపించింది. మీ దగ్గరా ఎవరో ఒకరు ఆ ఆశతోనే వస్తారు. ఆ డబ్బు తీసుకుంటే మీ మెడకే చుట్టుకుంటుంది.

టార్గెట్ సంగతి. ఎనిమిది వేల మంది, తలా ఇంత ఇస్తే భవనం అయిపోతుంది అనే లెక్క మీ మీటింగులో ఎవరో ఒకరు వేసే ఉంటారు. ఆ లెక్క ఎక్కడా, ఎప్పుడూ నిజం కాలేదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ లాంటి చోట ఏళ్లపాటు సగానికి పైగా పూర్వ విద్యార్థులు ఏటా ఏదో ఒకటి ఇచ్చారు, కానీ అది వందేళ్లు పెంచుకున్న అలవాటు, మిగతా సంస్థలకి అదో కల. పైగా ఆ శాతం మీద పడి కొన్ని కాలేజీలు రకరకాల వేషాలు వేశాయి, ర్యాంకు కోసం ఒక డాలరైనా ఇవ్వండి అని బతిమాలడం దాకా. అక్కడ కాలేజీలకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ వాళ్లు 2023లో ఆ కొలమానాన్నే ర్యాంకింగుల్లోంచి తీసేశారు, మంచి పని చేశారు.

నిజంలో డబ్బు వచ్చే తీరు ఇలా ఉంటుంది. మొత్తం ఖర్చు 100 వాటాలు అనుకోండి. అందులో 20 వాటాలు ఒక్కరి దగ్గరనుంచి రావాలి. తలా 10 ఇచ్చేవాళ్లు ఇద్దరు, తలా 5 ఇచ్చేవాళ్లు నలుగురు, తలా 2 ఇచ్చేవాళ్లు పదిమంది. అక్కడికి 80 అయింది, పదిహేడు మందితో. మిగిలిన 20 వాటాలు వందలమంది కలిసి ఇస్తారు. ఇది అన్నిచోట్లా అచ్చంగా ఇలాగే ఉండదు, కొద్దిగా అటూ ఇటూ, కానీ ఆకారం ఇదే. ఇప్పుడు ఒక కాగితం మీద ఆ పై పదిహేడు గడులూ గీసి, ఒక్కో గడికీ మీకు నిజంగా తెలిసిన మూడు నాలుగు పేర్లు రాయండి, ఎందుకంటే అడిగినవాళ్లలో ముగ్గురు నలుగురికి ఒకరే ఔనంటారు. పేర్లు రాయలేకపోతే టార్గెట్ తగ్గించాలి, లేదా ఇంకో రెండేళ్లు పరిచయాలు పెంచుకోవాలి. భవనం ఎంత అవసరమన్నది ఈ లెక్కని మార్చలేదు. దాదాపు సగం మొత్తానికి గట్టి హామీలు వచ్చేదాకా బయట ప్రకటించవద్దు కూడా. సున్నా దగ్గర ప్రకటించి నెలల తరబడి అక్కడక్కడే ఉన్న ప్రచారంలో ఎవరూ చేరరు. సగం దాటిన దాంట్లో అందరూ చేరతారు.

అయితే ఆ వందలమంది చిన్న దాతలు 20 వాటాలే కదా అని వాళ్లని తేలిగ్గా తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత పై గడుల్లో రాయడానికి పేర్లుండవు.

మ్యాచింగ్ గురించి చాలామంది అడుగుతారు, అంటే మీరిచ్చిన దానికి సమానంగా ఒక పెద్ద దాత కలపడం. అది పనిచేస్తుంది. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగంలో మ్యాచింగ్ ఉందని చెప్పగానే ఇచ్చేవాళ్లూ పెరిగారు, మొత్తమూ పెరిగింది. కానీ ఒకటికి ఒకటి కలుపుతామన్నా, ఒకటికి మూడు కలుపుతామన్నా తేడా ఏమీ రాలేదు. కాబట్టి మీ దాత మూడింతలు కలుపుతానంటే, ఒకటికి ఒకటి చాలండీ, మిగతాది వచ్చే ఏడాదికి ఉంచండి అనండి. ఒక్కరోజు విరాళాల కార్యక్రమాలు కూడా ఇప్పుడు ఎక్కువయ్యాయి. కొలంబియా యూనివర్సిటీ 2012లో మొదటిసారి పెట్టినప్పుడు ఒక్కరోజులో దాదాపు 68 లక్షల డాలర్లు వచ్చాయి. చూడ్డానికి అది ఇరవై నాలుగు గంటల పని, వెనక నెలల తరబడి వాలంటీర్ల కసరత్తు ఉంటుంది. ఆ బలగం లేకుండా కౌంట్‌డౌన్ గడియారం వెబ్‌సైట్‌లో పెడితే గడియారం తిరుగుతుంది, అంతే.

డబ్బు వచ్చాక ఏం చేస్తారన్నది చెబుతాను, ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఇదే. మొదటిసారి ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండోసారి ఇవ్వరు, ఇది ప్రపంచవ్యాప్తంగా ఉన్న సమస్య. కారణం చాలాసార్లు ఒక్కటే, ఇచ్చిన డబ్బు ఏమైందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిన ఒక సంస్థలో ల్యాబ్ కోసం బాగానే వసూలైంది, ఆ తర్వాత రెండేళ్లు ఒక్క కబురు లేదు, స్వర్ణోత్సవం అని మళ్లీ అడిగారు. రీయూనియన్‌లో మైకు అందుకున్న ఒకాయన చాలా మర్యాదగా "ల్యాబ్ చూసి వెళ్దామా" అన్నాడు. పరికరాలు కొన్నారు నిజానికి, గదికి కరెంటు పని పూర్తికాక పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ ఆలస్యం సంగతి ముందే రాసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు, పైగా ఆ కరెంటు పని చేయించే మనిషి ఆ బ్యాచ్‌లోనే ఉన్నాడు.

రసీదు రెండు రోజుల్లో వెళ్లాలి. మూడు నెలలకోసారి నాలుగు వాక్యాలు: ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, పని ఇక్కడిదాకా వచ్చింది, ఇది ఆలస్యమవుతోంది, కారణం ఇది. ఒక ఫోటో. మెరిసే పత్రిక అక్కర్లేదు. థాంక్యూ కాల్స్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, సమెక్, లాంగ్‌ఫీల్డ్ అనే ఇద్దరు 2023లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో కొత్త దాతలకి ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పడం వల్ల తర్వాతి ఏడాది విరాళాల్లో తేడా ఏమీ కనిపించలేదు. ధన్యవాదాలు చెప్పొద్దని కాదు, మర్యాద మర్యాదే. ముక్తసరి థాంక్స్ ఒక ఉపాయంగా పనిచెయ్యదని చెబుతున్నాను. జ్ఞాపికల మీద ఖర్చు అసలే వద్దు, మా డబ్బు ఇలాంటివాటికి పెడుతున్నారా అనుకుంటారు.

వాలంటీర్లకి మాత్రం ఒకటి చెయ్యండి. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త బృందం 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. యూనివర్సిటీ తరఫున ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరిని, ఆ డబ్బుతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన డబ్బూ బాగా పెరిగింది. మిగతావాళ్లలో మార్పు లేదు. మీ బ్యాచ్ ప్రతినిధుల్ని ఏడాదికోసారైనా ఇప్పటి విద్యార్థులతో కూర్చోబెట్టండి, ఉపన్యాసాలు లేకుండా.

షరతులతో వచ్చే విరాళాల గురించి కొంచెం జాగ్రత్త. ప్రిన్స్‌టన్‌కి రాబర్ట్‌సన్ కుటుంబం 1961లో మూడున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది, ప్రభుత్వ సేవకి మనుషుల్ని తయారుచెయ్యడానికని. ఆ డబ్బు అనుకున్న దానికి వాడటం లేదని వారసులు 2002లో కోర్టుకెళ్లారు, 2008లో గానీ రాజీ కుదరలేదు. యేల్ అయితే లీ బాస్ అనే పూర్వ విద్యార్థి ఇచ్చిన రెండు కోట్ల డాలర్లు 1995లో వెనక్కే ఇచ్చేసింది, అనుకున్న కోర్సులు సకాలంలో మొదలుపెట్టలేక. కాబట్టి మొత్తం చిన్నదైనా సరే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: దేనికి, ఎప్పటిలోగా, పేరు పెడితే ఎన్నేళ్లు, ఆ అవసరం తీరిపోతే మిగిలిన డబ్బు దేనికి వాడొచ్చు. ఆఖరిది చాలామంది మరిచిపోతారు. భవనాల విషయంలో నిర్వహణ ఖర్చుని కూడా ముందే కలిపి అడగండి. గోడలకి దాతలు దొరుకుతారు, పదేళ్ల తర్వాత కారే పైకప్పుకి ఎవరూ దొరకరు. శాశ్వత నిధి పెట్టి ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వాలని ఎవరైనా ముందుకొస్తే, సాధారణంగా అలాంటి నిధుల్లోంచి ఏటా నాలుగైదు శాతమే తీస్తారని చెప్పండి. అంటే ఏటా ఇవ్వాలనుకున్న మొత్తానికి ఇరవై నుంచి ఇరవై ఐదు రెట్లు జమ చెయ్యాలి. ఈ లెక్క వినగానే సగంమంది వెనక్కి తగ్గుతారు, అలాంటివాళ్లని ఐదేళ్లపాటు ఏటా ఇవ్వమని అడగండి, సంతోషంగా ఒప్పుకుంటారు.

మరి మీరిప్పుడు చెయ్యాల్సింది. అందరికీ వెళ్లే విరాళం ఈమెయిళ్లు ఆపండి. వచ్చే ఏడాది పది, ఇరవై ఐదు, యాభై ఏళ్లు పూర్తయ్యే బ్యాచ్‌లని తియ్యండి, వాటితోపాటు వాట్సాప్ గ్రూపు బాగా నడుస్తున్న ఇంకో రెండు మూడు బ్యాచ్‌లు. ఒక్కోదానికీ ఇద్దరిని పట్టుకోండి. మూడు నెలల్లో ఇది అయితే చాలా బాగా చేసినట్టు. ఈమెయిల్‌కి స్పందించిన ఆ కొద్దిమందికీ మీరే స్వయంగా ఫోన్ చెయ్యండి, ఎనిమిది వేలల్లో వాళ్లే ఎందుకు కదిలారో అడిగి తెలుసుకోండి. ఈ ఏడాది చదువు ముగించి వెళ్తున్న పిల్లల సొంత ఈమెయిళ్లు ఇప్పుడే తీసుకోండి, కాలేజీ ఇచ్చిన ఐడీ వాళ్లు వెళ్లిన ఆరు నెలలకి పనిచెయ్యదు.

ఒకవేళ మీది కాలేజీ కాకుండా స్కూలు విభాగం కూడా కలిసి ఉన్న సంస్థ అయితే ఆ రెండు లిస్టులూ కలపకండి. స్కూలు వాళ్లకి టీచర్ల మీద మమకారం ఎక్కువ, ఫలానా మాస్టారి పేరు మీద అంటే కదులుతారు. కాలేజీ వాళ్లు తమ బ్రాంచికి, తమ ల్యాబుకి ఇస్తారు.

ప్రిన్సిపాల్ గారు టార్గెట్ అంకె అడిగితే ఆ పదిహేడు గడుల కాగితం ఆయన ముందు పెట్టి, కలిసి పేర్లు రాయండి. ఎన్ని గడులు నిండాయో, ఎన్ని బ్యాచ్‌లకి మనుషులు దొరికారో ఇక్కడ చెబితే మొదటి ఏడాదికి ఎంత అనుకోవచ్చో అప్పుడు మాట్లాడుకుందాం.